లాంజౌలో ఇంగ్లీషు బడి

మా కోసిగికి మైలుదూరమున, రైలుదారికి చేరువగా, గుట్టమీద నిట్టనిలువుగా నిలిచిన రెండు రాతిదొంతరలు కలవు. వానిని మేము అక్కచెల్లెండ్రు అందుము. మద్రాసునుండి బొంబాయికి పోవు బండిలో కిటికీప్రక్క కూర్చున్నవారు వానిని చూచియే యుందురు. ఊరిపేరు మాత్రము ఎఱిగియుండరు. గుంతకల్లు దాటి, ఆదోని దాటి, తుంగభద్ర వంతెన రాకమునుపు కొన్ని బండ్లు మాత్రమే నిలుచు స్టేషను మాది. 1953వ సంవత్సరమున ఆంధ్రరాష్ట్ర మేర్పడువఱకు మేము బళ్లారిజిల్లాలో, ఆదోని తాలూకాలో నుంటిమి. కావున మా ఊర ఇంటిలో తెలుగు, వీథిలో కన్నడము, సంతలో ఉరుదు వినబడుట వింత కాదు. మూడుభాషలు చెవినిబడిన పిల్లవానికి నాలుగవభాష భయము గొలుపదని పెద్దలందురు. ఇంగ్లీషు విషయమున ఆ మాట మాయెడల నిజము కాలేదు.

అట్టి ఊరినుండి నేను 2018వ సంవత్సరము వేసవియందు చీనాదేశమునకు పోయి, లాంజౌ యను నగరమున, ఆపైన ఒక కొండపల్లెలో, ఆఱువారములు జీతము లేకుండ పిల్లలకు ఇంగ్లీషు చెప్పివచ్చితిని. ఆ ప్రయాణమును గూర్చి చెప్పుమని నన్ను కోరిరి. చెప్పుటకు ముందు మా ఊరిసంగతి యొకటి చెప్పవలసియున్నది. అది లేనిదే తక్కినది మీకు పొసగదు.

మా ప్రాంతమున సుగ్గి యను మాట కలదు. కన్నడమున దానికి పంటకోతల కాలమని యర్థము, పండుగవంటి మాట. మా నోట అది వలసకు పేరైనది. వానలు తప్పినయేడు, ఒక్కొక్కప్పుడు కురిసినయేడును, కోసిగి, కౌతాళము, పెద్దకడబూరు, మంత్రాలయము చుట్టుపట్ల పల్లెలనుండి సంసారములకు సంసారములు మూటలు కట్టుకొని, వంటపాత్రలతోను పసిబిడ్డలతోను లారీలెక్కి, గుంటూరుసీమకు మిరపకాయలు కోయుటకును, తెలంగాణమునకు ప్రత్తి తీయుటకును, బెంగుళూరునకు కట్టడపు పనులకును పోవుదురు. ఇండ్లకు తాళములు పడును. ముసలివారు అరుగులమీద మిగులుదురు. బడిలో హాజరుపట్టీ మాత్రము నిండుగానే యుండును. నా యేడవయేటను ఎనిమిదవయేటను నేను మిరపతోటలో నుంటిని. కాయలు కోసినచేతితో కన్ను నలుపుకొనరాదని నాకు అక్షరములకంటె ముందు తెలిసెను. తొమ్మిదవయేట మా అవ్వ మా నాయనతో పోట్లాడి నన్ను తనయొద్ద నుంచుకొనెను. ఆ యేడు మా వీథిలో ఒక ఉపాధ్యాయుడు సాయంకాలములందు, ఎవరును అడుగకయే, ఎవరియొద్దను దమ్మిడీ పుచ్చుకొనకయే, మా నలుగురైదుగురిని లాంతరుచుట్టు కూర్చుండబెట్టుకొని ఇంగ్లీషు చెప్పెడివాడు. ఆయన ఉచ్చారణ మంచిదని నేను చెప్పను. ఆయన ప్రతిదినమును వచ్చెడివాడు. నాకు వచ్చిన ఇంగ్లీషుకు పునాది అంతమాత్రమే.

చీనాకు పోవుదునని నేను చెప్పినప్పుడు మా మామ ఒక్కటే మాట యడిగెను: "మన పిల్లోళ్లకే ఏ బీ సీ డీలు రావు. నువ్వు చీనావోళ్లకు చెప్పేకి పోతావా?" నాయొద్ద జవాబు లేకపోయెను. సేవ యని చెప్పుకొనవచ్చును గాని, దూరదేశము చూడవలెననునదియే నాలో ముందుండిన కోరిక. సేవ దానికి దొరికిన బండి. వేసవిబడులకు ఉచితముగా పనిచేయు యువకులను దేశదేశములనుండి పిలుచుచున్నారని కర్నూలులో చదువుకొను దినములలో వింటిని. చీనాలో జీతమునకు ఇంగ్లీషు చెప్పవలెనన్న, సామాన్యముగా ఇంగ్లీషు మాతృభాషగాగల దేశములవారికే అనుమతి యిత్తురు. మనవంటివారికి ఉచితసేవ యొక్కటే దారి. పోవు ఖర్చు మనదే. అవ్వ తన గొఱ్ఱెలలో రెంటిని అమ్మించెను.

అవ్వకు చీనా యనుమాట క్రొత్త కాదు. కోస్తావారు బత్తాయి యనుదానిని మా సీమలో చీనీకాయ అందుము. ఆ జాతిపండ్లకు పుట్టినిల్లు చీనాయే. పెద్దింటి పెండ్లిమాటలలో చీనాంబరము రాక తప్పదు. ఆమె యడిగినది వేఱు. "ఆడ నీళ్లుండాయా నాయనా?" అనెను. కనుక్కొని చెప్పెదనని బయలుదేఱితిని.

గుంతకల్లులో బండి మాఱి హౌరా చేరితిని. ఆనాడు కలకత్తానుండి యునాన్ రాష్ట్రపు ముఖ్యనగరమగు కున్‌మింగుకు విమానముండెను. (2020లో ఇరుదేశముల నడుమ నేరువిమానములు నిలిచిపోయి, 2025వ సంవత్సరము అక్టోబరులో కలకత్తానుండియే, ఈ మాఱు గ్వాంగ్‌జౌ నగరమునకు, మరల మొదలయ్యెను.) హౌరా చేరుటకు పట్టినకాలములో పదవవంతు పట్టకయే విమానము నన్ను కున్‌మింగులో దించెను. అచటినుండి రైళ్లు మాఱుచు ఉత్తరమునకు పోవుచుండగా, పచ్చని కొండలు తగ్గి, వరిమళ్లు తగ్గి, మూడవనాటి ఉదయమున కిటికీలో కనబడిన నేల నా గుండెను పట్టుకొనెను. గడ్డి సరిగా మొలవని, కోతపడిన, మట్టిరంగు కొండలు. చెట్టునకును చెట్టునకును నడుమ ఏమియు లేదు. మా నేల రాయి, వారి నేల మెత్తని గాలిమన్ను. అయినను ఎండినయెడల రెండును ఒకతీరుననే కనబడునని నాకు అప్పుడు తోచెను. మా మండలమున సాలునకు సుమారు 600 మిల్లీమీటర్ల వాన పడును. లాంజౌలో దానిలో సగము.

అట్టిచోట నగరమెట్లు నిలిచెనన్న, నదివలన. హువాంగ్ హో, అనగా పసుపునది, నగరము నడుమనుండి పాఱుచున్నది. ఆ నది మధ్యనుండి పోవు రాష్ట్రరాజధాని చీనాలో ఇది యొక్కటే. నీటిరంగు మా తుంగభద్రకు క్రొత్తనీరు వచ్చిననాటి రంగు.  1909లో జర్మనులు కట్టిన ఇనుపవంతెన యింకను నిలిచియున్నది. దానికి తరువాత సున్‌యట్‌సేను స్మారకముగా జోంగ్‌షాన్ వంతెన యని పేరిడిరి. ఏటియొడ్డున పెద్ద కఱ్ఱచక్రములు కలవు. పదునాఱవ శతాబ్దమున డ్వాన్‌షూ యను ఆ యూరివాడు దక్షిణదేశమున చూచివచ్చి, ప్రవాహమే త్రిప్పుకొను ఏతపుచక్రమును కట్టించెనట. గట్టు ఎత్తు, నీరు లోతు. చక్రముననున్న తొట్లు నీటిని పైకెత్తి కాలువలో పోయును. మా కపిలబావిని తలచుకొంటిని. ఎద్దులు చేయుపనిని వారు ఏటిచేతనే చేయించుకొనిరి. మా తుంగభద్ర వేసవిలో ఇసుకయై పోవును గనుక మా పెద్దలకు ఆ యుపాయము తోచకుండుట తప్పు గాదు.

తిండిని గూర్చి యొక్కమాట చెప్పి సాగెదను. లాంజౌ పేరు చెప్పిన చీనావాడెవడైనను మొదట తలచునది చేతితో సాగదీసిన గోధుమపిండిపోగుల గిన్నె. ముద్దను పట్టి సాగదీసి, మడిచి, మరల సాగదీసి, మన నేతగాండ్రు చూచి మెచ్చునట్లు క్షణములో నూఱుపోగులు చేయుదురు. దానిని ఎద్దుమాంసపు రసములో వేయుదురు. నేను మాంసము లేకుండ నిమ్మని సైగలతో అడిగి తింటిని. పైన ఎఱ్ఱని మిరపనూనె. దానిని చూచినప్పుడెల్ల నాకు గుంటూరుసీమ చేలు కన్నులకు కట్టెడివి. మిరప మాదియు కాదు, వారిదియు కాదు. అమెరికా కనుగొనబడిన తరువాత ఓడలలో వచ్చిన మొక్క. అది లేని వంట ఇరువురకును చప్పనయే.

ఇక బడి. నాకు నేటికిని చెప్పుకొనుటకు సిగ్గగు సంగతి మొదటి దినముననే జరిగెను. వేసవిబడి నడపుచుండినవారు పిల్లల తల్లిదండ్రులను కూర్చి నన్ను చూపిరి. గదిలో గుసగుసలు పుట్టెను. వారు పచ్చని జుట్టుగల వానికై యెదురుచూచుచుండిరని నాకు చీనాభాష రాకున్నను తెలిసెను. నడపువారిలో ఒకరు నాచెవిలో, "మీరు లండనులో పెరిగితిరని చెప్పెదను, ఊరకుండుడు" అని యనిరి. నేను ఊరకుంటిని. ఆపైన పిల్లలు, "మీయూర మంచు పడునా?" అని యడిగిరి. పడునంటిని. మా అవ్వ అమ్మిన గొఱ్ఱెలు ఆనాటి రాత్రి నాకు నిద్రలో కనబడినవని చెప్పిన మీరు నవ్వుదురు, కాని కనబడినవి.

మూడుదినములు లండనువాడనై యుంటిని. నాలుగవనాడు పాఠము 'నా ఇల్లు' అనునది. ఒక్కొక్కరు తమయింటి బొమ్మ గీచి వర్ణించిరి. ఒక పిల్లవాడు సుద్దముక్కను నాచేతి కిచ్చి, "ఉపాధ్యాయుని ఇల్లు?" అనెను. లండను ఇల్లు ఎట్లుండునో నేనెఱుగను. మిద్దె గీచితిని, అరుగు గీచితిని, అరుగుమీద అవ్వను గీచితిని, వెనుక అక్కచెల్లెండ్రను గీచితిని. పిమ్మట గోడమీది ప్రపంచపటమున భారతదేశమును చూపి, మంచు పడదనియు, నేను చెప్పినది అబద్ధమనియు ఇంగ్లీషున చెప్పితిని. అంత తేట యింగ్లీషు ఆ మూడుదినములలో నానోట రాలేదు. మఱునాడు ఇద్దఱు పిల్లలను తల్లిదండ్రులు మాన్పించిరి. తక్కినవారు వచ్చిరి. నడపువారు కొన్నిదినములు నాతో ముభావముగా నుండిరి. అప్పటినుండి పిల్లలు నన్ను 'యిందు లావ్‌షి' అని పిలిచిరి. లావ్‌షి యనగా గురువు. నాకు సాయముగా అనుకోని చుట్టము లిద్దఱు వచ్చిరి. 2017లో 'దంగల్' అను హిందీచిత్రమును, 2018 వసంతమున 'హిందీ మీడియం' అను చిత్రమును ఆ దేశమున ప్రజలు విరివిగా చూచిరి. రెండవది, ఇంగ్లీషు రానందున బిడ్డ వెనుకబడునని దిగులుపడు ఢిల్లీ తల్లిదండ్రుల కథ. ఒక తల్లి దానిని చూచినదట. ఇంగ్లీషు మీయింటను పరాయిదే గదా, మాకు దానిని ఎట్లు నేర్చుకొనవలెనో చెప్పగలవారు మీరే గదా యని దుబాసీచేత చెప్పించెను. ఆ మాటను నేను నా యోగ్యతాపత్రముగా పుచ్చుకొంటిని.

నిజమునకు ఆమె మాటలో పస యుండెను. మా తెలుగు అజంతభాష; ఏ పరాయిమాట వచ్చినను కొసకు ఒక అచ్చు తగిలించి గాని మేము మ్రింగము. బస్సు, కారు, బల్బు అని మా పిల్లలందురు. చీనాభాషలో అక్షరము అచ్చుతో గాని ముక్కుధ్వనితో గాని ముగియును. కావున హల్లుతో ముగియు ఇంగ్లీషుమాట లాంజౌ పిల్లవానినోటను మా కోసిగి పిల్లవానినోటను ఒకేచోట కుంటును. లండనువానికి అది తప్పని తెలియును. ఎందుకు తప్పెనో తెలియదు. నాకు తెలియును, నేనును అచ్చటనే కుంటితిని గనుక. ఆ యూరి మాండలికమున లకార నకారములకు భేదము తక్కువ. లైట్ అన్నది నైట్ అయి, దీపమడిగిన రాత్రి వచ్చుచుండెను. నాలుక కొనను పండ్లవెనుక నిలుపుట, ముక్కు మూసికొని పలుకుట మొదలగు చిట్కాలతో ఒకవారము గడచెను. ముక్కులు మూసికొని ఇరువదిమంది అఱచుచుండగా బయట పోవువారు లోనికి తొంగిచూచుచుండిరి.

అతడు, ఆమె, అది యను మూటికిని చీనాభాషలో పలుకుట 'థా' యని యొక్కటే. వ్రాతలో మాత్రము వేఱు. అందుచేత అమ్మను గూర్చి చెప్పుచు 'హీ' అందురు. దీనికి నవ్వుటకు మనకు హక్కు లేదు. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది అని మన వాడుకమాటలో ఆడుదానికిని గోవునకును ఒకటే క్రియ. వారి క్రియలకు కాలమునుబట్టి రూపము మాఱదు. నిన్న పోవు, నేడు పోవు, రేపు పోవు అన్నట్లు మొదట కాలము చెప్పి సరిపెట్టుకొందురు. ఇంగ్లీషు క్రియలు ఎందుకిన్ని వేషములు వేయునని ఒక పిల్లవాడడిగెను. తెలుగు క్రియల వేషములు చూచిన వాడేమనునో యనుకొంటిని.

ఈ సూక్ష్మములు నేను స్వయముగా కనిపెట్టినవని మీరు తలపవలదు. అచటి బడిలో ఇంగ్లీషు చెప్పు ఉపాధ్యాయిని యొకర్తె రోజును నా తరగతి వెనుకబల్లపై కూర్చుండి వ్రాసికొనెడిది. చీనాబడులలో 2001 మొదలుకొని ఇంగ్లీషును మూడవతరగతినుండియే చేర్చుచు వచ్చిరి. వ్యాకరణమున ఆమె నాకు పాఠము చెప్పగలది. మాటలాడుటకే సంకోచము. మొదట ఆమె నన్ను పరీక్షించుచున్నదనుకొంటిని. పదియవనాడు ఒక కాగితము నాచేతి కిచ్చెను. అందు నేను తప్పుగా పలికిన మాటలు పదునేడు, నేను తప్పుగా చెప్పిన వ్యాకరణసూత్రములు రెండు. చివర, 'మీరు తప్పు చేయుటకు వెఱవరు. అది మాకు నేర్పుడు' అని వ్రాసియుండెను. తరువాత ఆమె నాకు చీనాస్వరములు నేర్పెను. నేను ఆమెతో ఇంగ్లీషు మాటలాడుచు నదియొడ్డున నడచితిని. వేసవిలో అచట రాత్రి ఎనిమిదిన్నర వఱకును వెలుతురుండును.

ఆమె తండ్రి ముసలివాడు. నాది భారతదేశమని విని, రెండుచేతులతో నాచేయి పట్టుకొని, "కె దీహువా" అనెను. నాకు తెలియలేదు. ఆమె వివరించెను. అది డాక్టరు ద్వారకానాథ్ కోట్నీసు చీనాపేరు. జపానువారితో యుద్ధము జరుగుచుండగా 1938లో మన కాంగ్రెసు పంపిన అయిదుగురు వైద్యులలో ఆయన యొకడు. చీనాభాష నేర్చి, ఆ భాషలోనే వైద్యము బోధించి, అచటనే పెండ్లియాడి, 1942 డిసెంబరులో ముప్పదిరెండేండ్లకే అచట మరణించెను. ఆయన ఊరు షోలాపురము. కోసిగిలో బొంబాయి బండియెక్కిన రాయచూరు, వాడి దాటి వచ్చు ఊరు. తెలుగు సాలెవారు వేలకొలది స్థిరపడిన ఊరు. మా రైలుదారిమీది మనుష్యుని నేను లాంజౌలో, ఒక ముసలివాని చేతులలో తెలిసికొంటిని. చదువుకొన్నవాడననుకొను నాకు అది చిన్న శిక్ష.

చదువుకై దేశములు దాటుట ఆ త్రోవలో పాతసంగతి. క్రీస్తుశకము 629 ప్రాంతమున హ్యూయన్‌త్సాంగు మనదేశమునకు బయలుదేఱి, లాంజౌలో ఒకరాత్రి నిలిచి పోయెనని ఆయన చరిత్రము చెప్పుచున్నది. 640 ప్రాంతమున ఆయన మన ధాన్యకటకమునకు వచ్చెను, నేటి అమరావతి. అచట ఇద్దఱు భిక్షువులయొద్ద కొన్నిమాసములు వారి శాస్త్రము చదివి, తనకు వచ్చిన శాస్త్రమును వారికి చెప్పెను. ఎవరు గురువు, ఎవరు శిష్యుడు? ఆయనకు రెండువందలయేండ్లకు పైగా ముందు కుమారజీవుడను పండితుడుండెను. తండ్రి భారతీయుడు, తల్లి కూచా రాజవంశపు స్త్రీ. ఆయనను ఒక సేనాని చెఱపట్టి, లాంజౌకు వాయవ్యముననున్న లియాంగ్‌జౌలో, నేటి ఊవెయిలో, దాదాపు పదునాఱేండ్లు నిలిపియుంచెను. ఆ బందీవాసమున ఆయన చీనాభాషను సాధించెను. 401లో రాజధానికి కొనిపోబడి, మన శ్రీపర్వతముతో పేరు ముడివడిన నాగార్జునాచార్యుని శాస్త్రమును చీనాభాషలోనికి తెచ్చెను. ఊవెయిలో ఒక గోపురము క్రింద ఆయన నాలుక యున్నదని అచటివారి నమ్మకము. సెలవుదినమున పోయి చూచితిని. భాషాంతరము చేయువానికి మిగులవలసిన అవయవము అదియే గదా!

కడపటి రెండువారములు నన్ను దింగ్‌సీ ప్రాంతపు పల్లెబడికి పంపిరి. నా ప్రయాణము అసలు అచట మొదలైనదని నేననుకొందును. దింగ్‌సీ కఱవునకు పేరుపొందిన సీమ. కొండలన్నియు మెట్లుమెట్లుగా చెక్కబడియున్నవి. ఉర్లగడ్డలే ముఖ్యపు పంట. ప్రతియింటి వాకిలియు సిమెంటుతో నున్నగా చేయబడి, ఒకమూలకు వాలియుండెను. ఆ మూలలో సన్నమూతిగల నేలతొట్టి. బుడ్డి ఆకారమున లోపల విశాలమై, మూతికి తాళము. 1995లో గాన్‌సూ రాష్ట్రమున ఘోరమైన అనావృష్టి కలుగగా ప్రభుత్వమువారు 'ఒకటి, రెండు, ఒకటి' యను పథకము పెట్టిరి: ఇంటికి వాననీరు పట్టు తలము ఒకటి, నేలతొట్లు రెండు, ఆ నీటితో సాగగు పెరడు ఒక 'మూ', అనగా ఎకరములో ఆఱవవంతు. ఒకటిరెండేండ్లలోనే పదిలక్షలకు మించినవారికి త్రాగునీరు అట్లు దొరకెనట. నీటికి తాళము వేయుట చూచి నేను నవ్వలేదు. మా వీథికొళాయియొద్ద బిందెల వరుస చూచినవాడను.

ఆ పల్లెలో పడుచువారు లేరు. ఇంటింటను అవ్వయు తాతయు మనుమలును. తల్లిదండ్రులు దూరపు కర్మాగారములలోనో కట్టడములలోనో ఉందురు; చాంద్రమాన సంవత్సరాదికి వత్తురు. అట్లు విడువబడిన బిడ్డలకు చీనాభాషలో ఒక పేరే యున్నది, 'ల్యూషౌ' పిల్లలని. ఇల్లు కాచుచు మిగిలినవారని యర్థము. మాకు పోవువారికి పేరున్నది, సుగ్గియని. మిగిలినవారికి పేరు లేదు.

వర్తమానకాలపు క్రియల పాఠమున, 'మీ అమ్మ ఏమి చేయును?' అను ప్రశ్న నేనే బల్లమీద వ్రాసితిని. వ్రాసిన పిదప తుడిచివేయవలెననిపించెను. అప్పటికే చేతులెత్తిరి. ఒకతల్లి గ్వాంగ్‌జౌలో బొమ్మలు చేయును. ఒకతల్లి హోటలులో గిన్నెలు తోమును. వాన యను అర్థముగల ఇంగ్లీషుపేరు పెట్టుకొనిన యొక బాలిక లేచి, "మై మదర్ గో షిన్‌జియాంగ్. ఎవ్రీ యియర్. కాటన్" అనెను. ఏటేట శరత్కాలమున పశ్చిమమున ప్రత్తి తీయుటకు పోవు కూలీలలో ఆమె తల్లి యొకతె. 'గో' కాదు, 'గోస్' అనవలెను. వారమంతయు ఆ చివరి సకారమునకే నేను సుద్దముక్కలు అరగదీసితిని. ఆ బాలిక దిద్దుబాటుకై నిలిచియుండెను. నేను దిద్దలేదు. "మై మదర్ ఆల్సో. కాటన్. చిల్లీ" అంటిని. ఆమె నాచేతులను చూచెను. పిదప పుస్తకమున ఏదో వ్రాసికొని కూర్చుండెను. సాయంకాలము నేను ఆ వాక్యమును తప్పుతోనే విడిచితినని ఉపాధ్యాయినికి ఉత్తరము వ్రాయగా, ఆమె, 'మఱునాడు దిద్దుడు. దిద్దకుండిన పరీక్షలో మార్కు పోవును' అని బదులు వ్రాసెను. ఆమె చెప్పినది సరియే. మఱునాడు దిద్దితిని.

నేను బసచేసిన యింటి ముసలమ్మ ఉదయమున పచ్చని గింజల జావ పోసెను. నోటబెట్టుకొని నిలిచిపోతిని. కొఱ్ఱలు. మా అవ్వ పండించునవే, అవ్వ దంచునవే. వారు వానిని 'శ్యావ్‌మీ', చిన్నబియ్యము, అందురు. ఉత్తరచీనాలో వేలయేండ్లనాడు మనుష్యుడు కొఱ్ఱను మొట్టమొదట మచ్చికచేసెనని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. మా మెట్టనేలను ఇన్నితరములు బ్రదికించిన గింజకు పుట్టినిల్లు అదియట. ఇది మా తిండియని ముసలమ్మకు చెప్పవలెనని నేనెఱిగిన నాలుగు చీనామాటలును వాడితిని. ఆమె నాకు ఇంకొక గరిటె పోసెను; చాలలేదంటినని యనుకొన్నది కాబోలు.

శ్రావణమాసమున ఉరుకుంద ఈరన్న తిరునాళ్లు ముగియుచుండగా ఊరు చేరితిని. అవ్వకు మొదటిమాటగా నీళ్లసంగతి చెప్పితిని: ఇంటికి రెండు తొట్లు, మూతికి తాళము. ఆమె చాలసేపు ఆలోచించి, "వాన పడకుంటే తాళమేసి ఏం లాభం?" అనెను. కొఱ్ఱలమాట చెప్పిన నమ్మలేదు. పింగాణిగిన్నె నొకదానిని తెచ్చితిని. దానిలో ఉప్పు పోసికొనెను.

ఆ సంవత్సరము కార్తికమున లారీలు యథాప్రకారము వచ్చినవి. అవ్వలయొద్ద మిగిలినపిల్లలు మా వీథిలో తొమ్మండ్రు. వారిని మా అరుగుమీద సాయంకాలములందు కూర్చుండబెట్టితిని. ముక్కు మూసికొని లకారము పలుకు పాఠము వీరికి అక్కఱలేదు. కొస అచ్చును కత్తిరించు పాఠము కావలెను. మామ యడిగిన ప్రశ్నకు నేనింకను జవాబు చెప్పలేదు, ఆయనయు మరల అడుగలేదు. అప్పుడప్పుడు వచ్చి అరుగుచివర కూర్చుండి, పిల్లల కాపీపుస్తకములు మోకాటిమీద పెట్టుకొని చూచుచుండును. ఇంగ్లీషు ఆయనకును రాదు. అక్షరములు గీతదాటినచో మాత్రము ఊరుకొనడు.